ప్రతిరోజూ పదకొండు గంటలకు ప్రారంభోత్సవం

మా కొత్తగొందిలో ఆరోగ్య కేంద్రం ముందు ఒక సిమెంటు గచ్చు ఉంది. పొడవు పదిహేను అడుగులు, వెడల్పు పదిహేను అడుగులు. దానికి రెండు నెలల్లో నలభై మూడుసార్లు ప్రారంభోత్సవం జరిగింది. ప్రతిసారీ రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు చరిచారు. దేశంలో ఇంకే గచ్చుకీ ఇంత మర్యాద జరిగి ఉండదని నా నమ్మకం.

నా పేరు దాలినాయుడు. కొత్తగొంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుని. ఆ ప్రారంభోత్సవాల్లో నా స్థానం రెండో వరస, ఎడమ నుంచి మూడోది. అక్కణ్నుంచి అటూ ఇటూ జరగకూడదు. జరిగితే మందులు రావు.

ఊరు కొండ మీద, పెద్దాసుపత్రి పట్నంలో. మధ్యలో గెడ్డ. వానాకాలం నాలుగు నెలలూ గెడ్డ పొంగితే జీపు రాదు, మనిషి దాటడు. రోగిని డోలీలో వేసుకుని, నీళ్లు తగ్గేదాకా ఒడ్డున కూర్చోవాలి. ఇది చూసి ప్రభుత్వం వారి గుండె కరిగింది. వంతెన కట్టడానికి చాలాకాలం పడుతుంది కాబట్టి డ్రోను ఇచ్చారు. పట్నంలో లేచి పధ్నాలుగు నిమిషాల్లో మా గచ్చు మీద దిగుతుంది, పొట్టలో పెట్టెడు మందులతో.

ఈ డ్రోనుకి దిగే చోట సొంత చూపు అక్కర్లేదు. చూపంతా నేల మీదే ఏర్పాటు చేశారు. గచ్చుకి నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, స్తంభానికో కెమెరా. పైన డ్రోను చప్పుడు కాగానే కెమెరాలు దాన్నీ, కింద నేలనీ చూస్తాయి. అంతా సవ్యంగా ఉంటే కుడికి రా, కాస్త ఎడమకి జరుగు, ఇక దిగు అని చెబుతాయి. సవ్యంగా లేకపోతే ఆగమంటాయి. అప్పుడు డ్రోను పదకొండు నిమిషాలు గాల్లో నిలబడి, బ్యాటరీ చాలదనిపించగానే వచ్చిన దారినే పోతుంది.

సవ్యం అంటే ఏమిటో కెమెరాకి ముందుగా నేర్పాలట. ఆ మాట చెప్పింది హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు సాత్విక.

"ఇరవై రోజులు కావాలి సార్. ఖాళీ గచ్చుని ఎండలో చూపించాలి, వానలో చూపించాలి. కోళ్లు తిరిగేటప్పుడు చూపించాలి. అప్పుడే ఏది దిగే చోటో, ఏది కాదో దానికి తెలుస్తుంది," అంది.

ఆ అమ్మాయి ఈ మాట చెప్పింది పరాంకుశం గారికి. ఆయన వైమానిక ఔషధ సేవల ప్రత్యేక సమన్వయాధికారి. అంతకు ముందు పట్టుపురుగుల శాఖలో ఉండేవారు. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

"అమ్మా, గౌరవ అమాత్యుల వారి అమృత హస్తములతో ప్రారంభము కావలసిన కెమెరాలను మీరు ఇరవై రోజుల ముందే ప్రారంభించినచో, వారు వచ్చి ప్రారంభించునది దేనిని?"

"ఇది ప్రారంభించడం కాదు సార్, నేర్పడం."

"మీట నొక్కకుండా నేర్పగలరా?"

"లేదు సార్."

"మరి అది ప్రారంభమే కదా! వారు నొక్కిన పిదప మీరు ఎంతైనా నేర్పుకొనవచ్చును."

"ప్రారంభం రోజుతో మా ఒప్పందం అయిపోతుంది సార్. ఆ మర్నాటి నుంచి మేం కెమెరాని ముట్టుకోకూడదు. ఒప్పందంలో మీరే రాయించారు."

పరాంకుశం గారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అట్లయిన ఆ రోజుననే నేర్పుడు," అన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. గచ్చు మీద ఎర్ర పసుపు చారల శామియానా వేశారు. డ్రోను దిగడానికి ముందు భాగం వదిలేశారు. వెనక రెండు వరసల్లో పద్నాలుగు మందిమి నిలబడ్డాం. మధ్యలో ముఖ్య అతిథి అమాత్యుల వారు. భారీ విగ్రహం, నున్నటి తల, గుబురు మీసం, తెల్లటి లాల్చీ పంచె, భుజాన జరీ శాలువా. ఎడమ చెయ్యి నడుం మీద ఆన్చి కుడి చేత్తో మీట నొక్కారు. కెమెరాలు కళ్లు తెరిచాయి. అదే భంగిమలో రిబ్బను కత్తిరించారు. ఫొటోలు తీసేవాళ్లు బాగా రాలేదంటే మళ్లీ మళ్లీ కత్తిరించారు. శామియానా వెనక నిలబడి సాత్విక రిమోటు పట్టుకుని డ్రోనుని చేత్తో నడిపి దింపింది. అది దిగిన ప్రతిసారీ కెమెరాకి ఇదీ సవ్యం, ఇదీ సవ్యం అని నేర్పింది. రెండు గంటల పది నిమిషాల్లో చదువు పూర్తయింది. అమాత్యుల వారు ఈ వ్యవస్థను మానవ ప్రమేయ రహితమని కొనియాడి, జాతికి అంకితం చేసి వెళ్లిపోయారు.

మర్నాడు శామియానా వాళ్లు వచ్చి శామియానా విప్పుకుపోయారు. పదకొండింటికి డ్రోను వచ్చింది. పదకొండు నిమిషాలు మా నెత్తిన గిరగిరా తిరిగింది. వెళ్లిపోయింది. అయిదు రోజులు అలాగే వచ్చింది, అలాగే వెళ్లింది. ఆరో రోజు మా డాక్టరు స్వర్ణలత గారు సాత్వికకి ఫోను చేశారు.

"మేడమ్, నేను ఇక్కణ్నుంచి తెర చూస్తున్నా," అంది ఆ అమ్మాయి. "దానికి ఖాళీ నేలంటే తెలీదు. ఎప్పుడూ చూడలేదు కదా! పద్నాలుగు మంది నిలబడి, ఒకాయన రిబ్బను కత్తిరిస్తేనే అది దిగే చోటు అనుకుంటోంది. ఇరవై రోజులు నాకిస్తే బాగు చేస్తాను."

ఇరవై రోజులు ఇవ్వాలంటే కొత్త ఒప్పందం కావాలి. ఒప్పందానికి టెండరు, టెండరుకి ప్రతిపాదన. ఆ ప్రతిపాదనలో ఎక్కడో ఒకచోట 'పని చేయడం లేదు' అన్న మూడు మాటలు రాయాలి. గౌరవ అమాత్యులు ప్రారంభించిన దాని గురించి ఆ మూడు మాటలు రాయగల చెయ్యి మా జిల్లా ఆఫీసులో లేదు. అందుకని పరాంకుశం గారు కెమెరాకి నేలను నేర్పే పద్ధతి వదిలేసి, నేలకి కెమెరాను నేర్పే పద్ధతి కనిపెట్టారు. పన్నెండు పేజీల ఉత్తర్వు వచ్చింది. పేరు 'నిత్య ప్రారంభోత్సవ ప్రామాణిక విధానము'.

ఆ విధానం ప్రకారం ప్రతిరోజూ పదకొండు గంటలకు గచ్చు దగ్గర ప్రారంభోత్సవం జరగాలి. శామియానా శాశ్వతంగా ఉండాలి. మొదటి రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో రోజూ వాళ్లు అక్కడే, అవే బట్టల్లో నిలబడాలి. కెమెరాకి చెవులు లేకపోయినా వందన సమర్పణ మానరాదు. సుమారు రెండు నిమిషాల చప్పట్లు తప్పనిసరి. మా పూజారి అప్పలాచారి ఆషాఢంలో ప్రారంభోత్సవాలేమిటని అడ్డం తిరిగాడు. వెంటనే వివరణ వచ్చింది. 'ఇది ప్రారంభోత్సవము కాదు. ప్రారంభోత్సవ పునశ్చరణ. కావున మాసదోషము వర్తించదు.' ఆచారికి అనుమానం తీరింది.

చిక్కల్లా ముఖ్య అతిథి దగ్గరే వచ్చింది. మిగతా పదమూడు మందిమీ ఊళ్లోవాళ్లమే. అమాత్యుల వారు రోజూ మా కొండ ఎక్కి రాలేరు. మొదట నన్ను ఆ స్థానంలో నిలబెట్టారు. డ్రోను నా వైపు కన్నెత్తి చూడలేదు. టీచరు సింహాచలం గారిని నిలబెట్టారు. ఉపయోగం లేదు. అప్పుడు నర్సు ఈశ్వరమ్మ ఒక్కసారిగా నెత్తి కొట్టుకుంది.

"మన మిన్నారావు ఉన్నాడు కదండీ బాబూ! అచ్చు ఆ మంత్రిగారి లాగే ఉంటాడు."

మిన్నారావు పసుపు రైతు. ఎకరన్నర చేను. భారీ మనిషి, నున్నటి తల, గుబురు మీసం. పిలిపించి విషయం చెబితే నోరెళ్లబెట్టాడు.

"నానా? నాను మంత్రినేటి బాబూ! నాకు ఉపన్యాసం రాదు."

"మాట్లాడక్కర్లేదు. నిలబడి రిబ్బను కత్తిరిస్తే చాలు," అన్నాను.

"పసుపు సేలో కలుపెవులు తీస్తారు మరి?"

"పదకొండింటికి అరగంట వస్తే చాలయ్యా. ఊరికి మందులొస్తాయి."

ఊరికి మందులొస్తాయనేసరికి ఒప్పుకున్నాడు. లాల్చీ వేసి, శాలువా కప్పి, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టించాం. రిబ్బను కత్తిరించాడో లేదో డ్రోను వచ్చి బుద్ధిగా ఆయన కాళ్ల ముందు దిగింది. ఆ సంతోషంలో చప్పట్లు మేం నిజంగానే కొట్టాం. ఆయన భార్య గైరమ్మ జనంలోంచి ముందుకొచ్చి మొగుణ్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఇంట్లో బిందె ఎత్తమంటే నడుం నొప్పంటాడు. ఇక్కడ సూడండి, నడుమ్మీద సెయ్యేసుకొని ఎలా నిలబడినాడో!" అంది. ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ మిన్నారావే నవ్వాడు.

ఆ విధంగా మా దేశానికి 'ప్రతిరూప ముఖ్య అతిథి' అనే పదవి లభించింది. అది పరాంకుశం గారు పెట్టిన పేరు. పదవితో పాటు నిబంధనలూ వచ్చాయి. ప్రతిరూప ముఖ్య అతిథి ముందస్తు అనుమతి లేకుండా మీసం తగ్గించరాదు. బరువు తగ్గరాదు. జాతరకు గానీ బంధువుల ఇంటికి గానీ వెళ్లదలచినచో పదిహేను రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఒకసారి గైరమ్మ చెల్లెలి ఇంట పెళ్లికి సెలవు అడిగితే, 'ముఖ్య అతిథి లేని ప్రారంభోత్సవము ఉండదు. కావున తిరస్కరించడమైనది' అని జవాబొచ్చింది. గైరమ్మ ఒక్కతే వెళ్లింది.

రోజూ ఆ బట్టల్లో చూసి చూసి ఊరి వాళ్లకి కూడా అలవాటైపోయింది. శామియానా దగ్గర ఆయన చేతికి అర్జీలు ఇవ్వడం మొదలెట్టారు. పింఛను రాలేదని ఒక ముసలమ్మ కాళ్ల మీద పడింది. మిన్నారావు ఆమెను లేవదీసి, "సూద్దాంలెండి," అన్నాడు. మేం చకితులమయ్యాం. ఎవరూ నేర్పకుండానే ఆ మాట ఆయన నోట వచ్చేసింది.

అయితే ఆయన చేను పాడైపోతోంది. పదకొండింటి పని మధ్యలో వచ్చి పొద్దంతా తినేస్తోందని, వెలుగు సరిగ్గా రాకుండానే చేలో దిగి కలుపు తీసుకోవడం మొదలెట్టాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. దాచితే నాకు నిద్ర పట్టదు. మా కేంద్రం ఫ్రిజ్‌లో పాముకాటు మందు ఎప్పుడూ పది సీసాలు ఉండేవి. డ్రోను జయప్రదమయ్యాక ఉత్తర్వు వచ్చింది. 'పధ్నాలుగు నిమిషములలో ఆకాశ మార్గమున అందు ఔషధమును నేల మీద నిల్వ ఉంచుట అనవసరము. వెంటనే వాపసు చేయవలెను.' డాక్టరమ్మ రెండుసార్లు వద్దని రాశారు. రెండుసార్లూ మొదటి ఉత్తర్వునే మళ్లీ పంపారు. ఆ పది సీసాలూ నేనే దూది చుట్టి, పెట్టెలో సర్ది, డ్రోనులో పెట్టి పంపించాను. అది ఎగిరిపోతుంటే మిన్నారావు పక్కనే నిలబడి చెయ్యి ఊపాడు కూడా.

శ్రావణంలో రెండో గురువారం. ఉదయం ఆరు కాలేదు. ఇద్దరు మనుషులు మిన్నారావుని మంచం మీద మోసుకొచ్చారు. చేలో నాగుపాము కరిచింది. కుడి కాలి మడమ దగ్గర రెండు గాట్లు. గైరమ్మ వెనకే పరిగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ చూసి వెంటనే మందు పంపమని పట్నానికి అత్యవసర ఇండెంటు పెట్టారు. ఆరున్నరకల్లా డ్రోను మా నెత్తి మీద ఉంది.

డ్రోను చప్పుడు వినగానే పదమూడు మందిమీ పరుగున వచ్చి మా మా చోట్లలో నిలబడ్డాం. ఈశ్వరమ్మ హారతి పళ్లెం పట్టుకుంది. అప్పలాచారి కొబ్బరికాయ పట్టుకున్నాడు. మధ్యలో ఒక్క చోటు ఖాళీగా ఉంది. అందులో నిలబడాల్సిన మనిషి లోపల మంచం మీద ఉన్నాడు.

సింహాచలం మేష్టారికి లాల్చీ తొడిగాం. పొట్ట మీద దిండు కట్టాం. బొగ్గుతో మీసం గీశాం. తల గొరిగించడానికి కూడా ఆయన సిద్ధపడ్డారు. గొరిగేంత వ్యవధి లేదు. ఆయన ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని రిబ్బను కత్తిరించారు. డ్రోను కదల్లేదు. పదకొండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయింది.

గంట తర్వాత మళ్లీ వచ్చింది. అప్పటికి మిన్నారావు కనురెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. ఆయనకి మా గొడవంతా లోపలికి వినిపిస్తూనే ఉంది.

"నన్ను లేపండి బాబూ," అన్నాడు. "నాను నిలబడతాను. లాల్చీ తొడగండి."

డాక్టరమ్మ కుదరదన్నారు. లేచి నిలబడితే విషం ఇంకా తొందరగా పైకెక్కుతుందన్నారు. గైరమ్మ ఆమె చేతులు పట్టుకుంది. "లేపకపోతే మందు రాదు కదమ్మా. లేపితే పానం పోతాదంటారు. నన్నేటి సెయ్యమంటారు?"

చివరికి మంచంతో సహా మోసుకొచ్చి మధ్యలో పెట్టాం. లాల్చీ మీద కప్పాం. శాలువా కప్పాం. చేతికి కత్తెర ఇచ్చి, ఆ చేతిని నేను పట్టుకుని రిబ్బను కత్తిరించాను. వేళ్లు చల్లగా ఉన్నాయి. పైన డ్రోను అలాగే నిలబడి ఉంది. ముఖ్య అతిథి పడుకుని ఉండటం ఆ కెమెరా ఎన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ ఒక ఫోనులో సాత్వికనీ, ఇంకో ఫోనులో పరాంకుశం గారినీ పట్టుకున్నారు. సాత్విక ఏడుపు గొంతుతో చెబుతోంది. "మేడమ్, ఇక్కణ్నుంచి చేత్తో దింపేస్తాను. రెండు నిమిషాల పని. ఆయన్ని కంప్యూటర్లో ఒక్క తాళం తియ్యమనండి. తాళం వాళ్ల దగ్గరుంది."

"సార్, మందు నా నెత్తి మీద తిరుగుతోంది," అన్నారు డాక్టరమ్మ. "చేత్తో దింపమని ఆ అమ్మాయికి ఒక్క మాట చెప్పండి."

"డాక్టరమ్మా, ఆవేశము వలదు. మానవ ప్రమేయ రహితమని గౌరవ అమాత్యుల వారు జాతికి అంకితము చేసిన వ్యవస్థ ఇది. అందులో మనము మానవ ప్రమేయము కల్పించినచో రేపు ఆడిట్టు వారికి ఏమని సమాధానము చెప్పగలము?"

మానవ ప్రమేయం లేని ఆ వ్యవస్థ కింద పదమూడు మందిమి వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాం.

"మనిషి చచ్చిపోతున్నాడండీ!"

"నేను కాదనుట లేదు. లిఖితపూర్వకముగా కోరుడు. పై వారికి నివేదించెదను. ఇంతకూ ముఖ్య అతిథి ఏల నిలబడి లేరు? విధానములో మూడవ పేజీ చూచితిరా?"

డాక్టరమ్మ ఫోను విసిరికొట్టారు. ఆ రోజు నేను చూసిన పనులన్నింటిలో తెలివైన పని అదొక్కటే. డ్రోను బ్యాటరీ అయిపోవచ్చి పట్నం వైపు తిరిగింది. నేను తలెత్తి దాన్ని బండబూతులు తిట్టాను. దానికీ చెవులు లేవు.

డోలీ కట్టాం. నలుగురు మోశారు. డాక్టరమ్మ పక్కనే నడుస్తూ మిన్నారావు ముక్కు మీద గొట్టం పెట్టి గాలి తిత్తి నొక్కుతూనే ఉన్నారు. తొమ్మిది కిలోమీటర్లు దిగి గెడ్డ దగ్గరికి చేరేసరికి నీళ్లు ఒడ్డు దాటి ప్రవహిస్తున్నాయి. ఒడ్డునే కూర్చున్నాం. పదకొండు కావస్తుండగా డాక్టరమ్మ తిత్తి నొక్కడం ఆపేశారు. గైరమ్మ ఆమె చేతిని పట్టుకుని, "నొక్కండమ్మా, ఇంకొంచెం నొక్కండి," అంది. డాక్టరమ్మ మళ్లీ నొక్కారు. ఉపయోగం లేదని తెలిసీ చాలాసేపు నొక్కారు.

విచారణ జరిగింది. విచారణ మా ప్రభుత్వంలో ఆలస్యమవుతుందని ఎవరన్నారో గానీ, అది మూడు రోజుల్లో పూర్తయింది. కెమెరాలు నాలుగూ చక్కగా పనిచేస్తున్నాయని తేలింది. డ్రోను నిర్ణీత సమయానికి రెండుసార్లు వచ్చినట్టు తేలింది. లోపం ఒకే ఒక్కటి. దాని మీద మెమో జారీ అయింది. మిన్నారావు పేర, ఇంటి చిరునామాకి. చదువు రాని గైరమ్మ దాన్ని నా దగ్గరికి తెచ్చింది.

'ప్రతిరూప ముఖ్య అతిథి హోదాలో ఉన్న తాము, అత్యవసర ప్రారంభోత్సవ పునశ్చరణ జరుగుచున్న సమయమున, ముందస్తు అనుమతి లేకుండా నిర్ణీత స్థానమునకు గైర్హాజరైనట్లును, తదుపరి శయన భంగిమలో హాజరైనట్లును దృష్టికి వచ్చినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో వివరణ ఇవ్వవలెను.'

"ఏటి రాసినారు బాబూ?" అని అడిగింది గైరమ్మ.

నేను పెద్ద అబద్ధాలకోరునని ఆ రోజే నాకు తెలిసింది. "సంతాపం తెలియజేశారమ్మా," అన్నాను.

ఈ లోపు డ్రోను మాత్రం రోజూ వస్తూనే ఉంది. మిన్నారావు పేర పెట్టిన ఇండెంటు ఎవరూ అందుకోలేదు గదా, అది ఆ లెక్కన ఇంకా పెండింగులోనే ఉంది. రద్దు చేద్దామంటే ఆ ఇండెంటు ఫారంలో 'రోగి మరణించెను' అని రాసే గడి లేదట. అందుకని రోజూ పదకొండింటికి అదే పెట్టెతో వచ్చి, మా నెత్తిన పదకొండు నిమిషాలు నిలబడి, తిరిగిపోయేది. గైరమ్మ గుమ్మంలో కూర్చుని దాన్ని చూసేది. ఆ చప్పుడు వినలేక నేను మందుల గదిలోకి పోయి తలుపేసుకునేవాణ్ని.

పదకొండో రోజున అమాత్యుల వారు స్వయంగా పరామర్శకి వస్తున్నారని కబురొచ్చింది. గెడ్డ కూడా వారి గౌరవార్థం కాస్త తగ్గింది. పరాంకుశం గారు ముందు రోజే వచ్చి ఏర్పాట్లు చూశారు. శామియానా ఎలాగూ ఉంది. సంతాప సభకి మా పదమూడు మందినీ వేదిక మీదికి పిలిచారు. ఎక్కడ నిలబడాలని ఎవరూ అడగలేదు. రెండు నెలల అలవాటు, కాళ్లు వాటంతట అవే మా మా చోట్లకి వెళ్లాయి.

మిన్నారావు చిత్రపటం కావాలన్నారు. ఆయనకి ఉన్న ఫొటో ఒకే ఒక్కటి, లాల్చీ శాలువాలతో రిబ్బను కత్తిరిస్తున్నది. దాన్నే పెద్దది చేయించి, పూలదండ వేసి, ఆవిష్కరణ కోసం అడ్డంగా ఒక రిబ్బను కట్టారు. అమాత్యుల వారు దాని ముందు నిలబడి చాలాసేపు చూశారు.

"ఎవరయ్యా ఈయన? మన పార్టీయేనా?" అని అడిగారు.

"రైతు సార్," అన్నాను.

"ఎక్కడో చూసినట్టుందే," అన్నారు వారు.

గైరమ్మని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. అమాత్యుల వారికి శాలువా కప్పారు. సంతాప సభలో శాలువా ఏమిటని డాక్టరమ్మ అడిగితే, అది వారి హోదాకి చెందిన వస్త్రమని పరాంకుశం గారు చెప్పారు. సరిగ్గా పదకొండయింది. అమాత్యుల వారు ఎడమ చెయ్యి నడుం మీద ఆన్చి, కుడి చేత్తో చిత్రపటం మీది రిబ్బను కత్తిరించారు.

పైన చప్పుడైంది. నేను తలెత్తాను. డ్రోను రోజూ నిలబడే చోట నిలబడింది. తర్వాత కాస్త కుడికి వచ్చింది. కొంచెం ఎడమకి జరిగింది. మెల్లగా, ఎక్కడా తొణక్కుండా దిగి, మిన్నారావు ఫొటో ముందు, గైరమ్మ కాళ్లకి రెండడుగుల దూరంలో వాలింది. పెట్టె మూత టక్కున తెరుచుకుంది.

ఎవరో చప్పట్లు మొదలెట్టారు. పరాంకుశం గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! వ్యవస్థ విఫలమైనదని దుష్ప్రచారము చేసిన వారికి ఇదియే సమాధానము! మానవ హస్తము తగలకుండా, మీ కళ్లెదుటనే, ఎంత సుకుమారముగా దిగినదో చూడుడు!"

చప్పట్లు ఇంకా పెరిగాయి. ఉత్తర్వులో రాసినట్టే రెండు నిమిషాలు సాగాయి. నా చేతులు కూడా లేవబోయాయి. సిగ్గేసి వెనక్కి కట్టుకున్నాను.

గైరమ్మ కుర్చీలోంచి లేచింది. వంగి పెట్టె తీసుకుంది. దాని మీద అంటించిన కాగితం నాకు చూపించింది.

"ఏటి రాసినాది బాబూ?"

ఈసారి అబద్ధం రాలేదు. "పాముకాటు మందు, పది సీసాలు. రోగి పేరు మిన్నారావు. అత్యవసరం," అని చదివాను.

ఆమె ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చుంది. ఏడవలేదు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

పరాంకుశం గారు మైకు చేత్తో మూసి నా వైపు వంగారు. "లబ్ధిదారుడు అందుబాటులో లేని పక్షమున ఔషధమును అదే విమానమున వాపసు చేయవలెను. ఇక్కడ నిల్వకు అనుమతి లేదు. ఆమె వద్ద నుండి తీసుకొనుము."

నేను కదల్లేదు. ఆయనే రెండడుగులు ముందుకేసి చెయ్యి చాపారు. "ఇటు ఇమ్మా. అది ప్రభుత్వ ఔషధము."

గైరమ్మ పెట్టె మీద రెండు చేతులూ వేసింది.

"ఇది మా మావ పేరున ఒచ్చినాది. నానివ్వను. ఇది ఇక్కడే ఉంటాది. రేపు ఇంకెవుల్నో పాము కరుస్తాది. ఆ దినం మంత్రిగారు రారు కదేటి?"

అమాత్యుల వారు పరాంకుశం గారి వైపు చూశారు. పరాంకుశం గారు పన్నెండు పేజీలూ తిరగేశారు. నేను లోపలికి వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకున్నాను.